హెల్ప్ తెరిచినందుకు

కాలేజీల్లో ప్రోగ్రామింగ్ చెప్పే ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. ఏ భాషతో మొదలుపెట్టాలి, ఏ పుస్తకం మంచిది, ల్యాబ్‌లో పిల్లల్ని ఎట్లా అదుపులో పెట్టాలి అని అడుగుతారు. నేను చెప్పేది వాళ్లకు రుచించదు. కాఫీ తాగి, ఫోన్ చూసుకుని, లేచిపోతారు. అందుకే రాస్తున్నాను. రాసింది మధ్యలో లేచిపోతే నాకు కనబడదు కదా.

నేను పుంగనూరులో ఒక పాలిటెక్నిక్‌లో మొదలుపెట్టాను. మదనపల్లెలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఎక్కువ కాలం చేశాను. కుప్పంలో రిటైరయ్యాను. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో ఇక్కడ రాయను, అది ఎవరికీ పనికిరాదు. ఉద్యోగమంతా నేను చెయ్యాలని చూసిన పని ఒక్కటే, పిల్లలకు డాక్యుమెంటేషన్ తెరిచి చదవడం అలవాటు చెయ్యడం. డాక్యుమెంటేషన్ అంటే పెద్ద మాటేం కాదు. ఒక ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసినవాళ్లే, అందులో ఏ ఫంక్షన్, అంటే పేరు పెట్టి పిలిస్తే ఒక పని చేసిపెట్టే ముక్క, ఏం చేస్తుందో, దానికి ఏమివ్వాలో, ఏమీ చెప్పకపోతే అది తనంతట తాను ఏమనుకుంటుందో రాసిపెట్టిన పేజీలు. ఎవరైనా చదువుకోవచ్చు. అయినా ఆ పనిలో నేను ఓడిపోయాను.

నాకెందుకు సులువైంది

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ పేజీలు చదవడం నాకు తెలివివల్ల రాలేదు. మదనపల్లెలో ఒక మిషన్ ఆస్పత్రి కాంపౌండులో పుట్టాను నేను. మా నాన్న అక్కడ కాంపౌండరు. కొత్త మందు ఏదొచ్చినా డబ్బాలో మడతపెట్టిన సన్నక్షరాల కాగితం విప్పి, కిటికీ దగ్గరికి పోయి, మొత్తం చదివిగాని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. అర్థంకాని మాటలకు నర్సమ్మల దగ్గరికి నన్ను పంపేవాడు. ఆ ఇంగ్లీషు నాకట్లా అబ్బింది. కంప్యూటర్ నేర్చుకునేటప్పుడు హెల్ప్ పేజీ కనబడితే నాకు భయం వెయ్యలేదు. మందు కాగితం లాంటిదే అనుకున్నాను.

మా కాలేజీ పిల్లలు పెద్దమండ్యం నుంచీ రామసముద్రం నుంచీ బస్సులెక్కి వచ్చేవాళ్లు. పదో తరగతి దాకా తెలుగులో చదివి, ఒక్కసారిగా ఆ పేజీల ముందు కూర్చునేవాళ్లు. 'వీళ్లకు చదవాలనే లేదు' అని స్టాఫ్ రూములో తేలిగ్గా అనేవాళ్లను చాలామందిని చూశాను. ఆ మాట అన్నవాళ్లలో ఎక్కువమంది తాముగా ఒక్క పేజీ చదవడం కూడా నేను చూడలేదు.

పుంగనూరు

పుంగనూరు ల్యాబ్‌లో అప్పట్లో ఇంటర్నెట్ లేదు. నీలి తెర మీద సి భాష రాయించేవాళ్లం. ఆ సాఫ్ట్‌వేర్‌లోనే హెల్ప్ మొత్తం ఉండేది. తెలియని ఫంక్షన్ పేరు మీద కర్సర్ పెట్టి రెండు మీటలు కలిపి నొక్కితే, దాని వివరం, ఒక ఉదాహరణ తెరమీదికి వచ్చేవి. నేను మొదటి క్లాసులో నేర్పేది ఆ రెండు మీటలే. ఎక్కువమంది నేర్చుకుని మరిచిపోయేవాళ్లు. రెడ్డెమ్మ మరిచిపోలేదు.

రెడ్డెమ్మ వాళ్ల నాన్న మండీలో చింతపండు కొట్టేవాడు. ఆ పిల్ల ల్యాబ్‌కు అందరికంటే ముందొచ్చి, హెల్ప్‌లో ఒక్కో ఫంక్షన్ తెరిచి, పెదాలు కదుపుతూ చదివేది. ఒకసారి నన్ను పిలిచి, "మేడం, ఈడ ఉండే ఉదాహరణ రాసినాను, నడస్తాండాది. దీనికి సున్నా ఇస్తే ఏమయితాదో కూడా ఈడ్నే రాసుండారు, సూడండి" అంది. నేను కూడా అంతవరకు ఆ లైను చూడలేదు. ఇలాంటి పిల్ల దొరికితే టీచరుకు ఇంకేం కావాలి!

ఆ ఏడు ప్రాక్టికల్ పరీక్షకు బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. రెండు పదాలను పోల్చే ఫంక్షన్ ఏ విలువ తిరిగిస్తుందో గుర్తురాక, రెడ్డెమ్మ మామూలుగా హెల్ప్ తెరిచింది. ఆయన వెనకే నిలబడి ఉన్నాడు.

"ఏందిది? కాపీ కొడతాండావా?"

"కాపీ కాదు సార్. హెల్ప్ సార్."

"లె పైకి."

నేను పోయి చెప్పాను. అది సాఫ్ట్‌వేర్‌లో ఉన్నదే, బయటి నుంచి తెచ్చింది కాదు, వాడమని నేర్పింది నేనే అన్నాను. ఆయన మా ప్రిన్సిపాల్‌ను పిలిపించాడు. చెంగల్రాయుడు గారు మెకానికల్ మనిషి. చెడ్డవాడు కాదు, తన కాలేజీకి మచ్చ రాకూడదనుకునే రకం.

"పరీక్షలో పుస్తకం తెరిస్తే కాపీనా కాదా మేడం?" అన్నాడు.

"కాపీనే సార్."

"ఇదీ పుస్తకమే గదా. తెరమీద ఉంటే మటుకు?"

"సార్, రేపు ఉద్యోగంలో ఈ పిల్ల చెయ్యాల్సిన పనే ఇది. తెలియనిది ఉంటే తెరిచి చూసుకోవాలి. చూసుకోకుండా రాస్తేనే తప్పు."

"రేపటి సంగతి రేపు సూసుకుందాం. ఈ పొద్దు పరీక్ష."

మాల్‌ప్రాక్టీస్ రాశారు. రెడ్డెమ్మకు ఆ పరీక్షలన్నీ పోయాయి, ఒక సంవత్సరం పోయింది. నేను బోర్డుకు రాశాను, స్వయంగా వెళ్లి కనబడ్డాను. రూల్స్‌లో హెల్ప్ అనే మాటే లేదు, కాబట్టి ఏం చెయ్యలేమన్నారు.

వాళ్ల నాన్న మండీ పనిలోంచి అట్లాగే వచ్చాడు, చేతులకు చింతపండు పీచు అంటుకుని ఉంది.

"మా పాప కాపీకి సీటీ ఏమన్నా పెట్టుకునిందామ్మా?"

"లేదప్పా. కంప్యూటర్లో ఉండేదే చదివింది."

"దాంట్లో ఉండేది దాంట్లోనే సదివితే తప్పెట్ల అయితాదమ్మా?"

ఆ వారంలోనే ప్రిన్సిపాల్ అన్ని కంప్యూటర్లలోంచీ హెల్ప్ ఫైళ్లు తీసేయించాడు. మళ్లీ గొడవలెందుకు అన్నాడు. ఆ తర్వాత ఆ రెండు మీటలు నొక్కితే, ఫైల్ లేదు అని తెరమీద వచ్చేది. కొంతకాలానికి ఆ మీటలు ఎవరూ నొక్కలేదు.

రెడ్డెమ్మ మరుసటి ఏడు పరీక్షలు రాసి పాసయింది. చివరి రోజు స్వీట్లు పంచింది. ల్యాబ్ గుమ్మం దాటి మాత్రం లోపలికి రాలేదు.

మదనపల్లె

మదనపల్లెకు వచ్చేసరికి ఇంటర్నెట్ వచ్చింది. ఇక ఇబ్బంది తీరిందనుకున్నాను. కాలేజీవాళ్లు పిల్లలు సినిమాలు దించుకుంటారని, డౌన్‌లోడ్ అనే మాట ఉన్న సైట్లన్నిటికీ తాళం వేశారు. భాష తయారుచేసినవాళ్ల సొంత సైటులో మొదటి పేజీలోనే ఆ మాట ఉంటుంది. అది పోయింది. ఎవరెవరో రాసిన తప్పుల తడక నోట్సులు మాత్రం బాగా తెరుచుకునేవి. ఒక్క సైటు తెరిపించండని నేను అడిగితే, మా హెచ్.ఓ.డి. నవ్వి, "పరీక్షలో డాక్యుమెంటేషన్ మీద ప్రశ్న ఏమన్నా వస్తాదా మేడం?" అన్నాడు.

రాదు. ఆ మాట నిజమే. అక్కడే ఉంది మన ఉద్యోగంలోని రోగమంతా.

డాక్యుమెంటేషన్ మొత్తాన్ని ఇంట్లో దించుకుని, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, ల్యాబ్ సర్వర్‌లో పెట్టాను. ఈ సంగతి చాలామంది టీచర్లకు కూడా తెలియదు కాబట్టి చెబుతున్నాను, ప్రతి పెద్ద భాషకూ ఆ పేజీలన్నీ ఒక కట్టగా దొరుకుతాయి, నెట్ లేకుండా చదువుకోవచ్చు. భాషలోనే హెల్ప్ అని టైపు చేసి ఫంక్షన్ పేరు ఇచ్చినా వస్తుంది. చదివేముందు పేజీ పైన ఉన్న వెర్షన్ నంబరూ, మన కంప్యూటర్‌లో ఉన్న వెర్షనూ ఒకటేనా అని చూసుకోవాలి. వేరువేరైతే ఆ పేజీ మనకు అబద్ధం చెప్పినట్టే.

పిల్లల్ని కూర్చోబెట్టి చదివించాను. శేఖర్ అని మూడో సంవత్సరం పిల్లవాడు పేజీ అంతా గట్టిగా చదివి, నా వైపు తిరిగి, "మేడం, అక్షరాలు తెలస్తాండాయి. ఏం చెప్తాండారో తెలీలేదు" అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. ఆ రోజు నుంచి పేజీని ఎట్లా విడదీసుకోవాలో నేర్పడం మొదలుపెట్టాను. ఇదిగో పేరు, ఇదిగో మనమివ్వాల్సినవి, ఇది మనమివ్వకపోతే అది సొంతంగా అనుకునేది, ఇది తిరిగొచ్చేది. కథలా మొదటి నుంచి చదవొద్దు, మనకు కావలసిన ప్రశ్న పట్టుకుని వెతకండి అనేదాన్ని. మూడు నాలుగు వారాలకు శేఖర్ తనంతట తాను ఒక పేజీ చదివి, వేరే పిల్లవాడికి తెలుగులో చెప్పడం విన్నాను. ఆ సాయంత్రం నీరుగట్టువారిపల్లె మగ్గాల సందుల గుండా నడిచి ఇంటికి పోతూ, పాటలు పాడుకున్నాను. ఈ వ్యాసంలో సంతోషమంటే ఆ సాయంత్రం ఒక్కటే.

సిలబస్ వెనకబడిందని ఆ పేజీలు చదివించే గంట తీసేశారు. తర్వాత ఎవరో తనిఖీకి వస్తున్నారని ల్యాబ్‌కు కొత్త కంప్యూటర్లు, కొత్త సర్వరు తెచ్చారు. పాత సర్వర్‌తో పాటు నేను పెట్టిన పేజీలూ పోయాయి. పోయినందుకు కాదు నేను కుమిలిపోయింది. ఎవరైనా వచ్చి, మేడం, ఆ పేజీలు కనబడడం లేదు అని అడుగుతారేమోనని సెమిస్టరంతా ఎదురుచూశాను. శేఖర్ అప్పటికే పాసై వెళ్లిపోయాడు. ఒక్కరూ అడగలేదు.

కుప్పం

కుప్పంలో చివరి కొన్నేళ్లు చేశాను. రెడ్డెమ్మ మళ్లీ కనబడింది అక్కడే. పెళ్లయి ఆ ఊరికే వచ్చింది, ఇద్దరు పిల్లలు. ఏదైనా పని చూపించండి మేడం అంది. ఆ ఊళ్లో ఒక చిన్న కంటి ఆస్పత్రిలో కంప్యూటర్ మనిషి కావాలంటే, నేనే డాక్టరమ్మకు చెప్పి చేర్పించాను. ఆపరేషన్ అయినవాళ్లకు మళ్లీ చూపించుకోవలసిన తేదీ చీటీ మీద ముద్రించి, ఆ తేదీకి ముందు ఫోనుకు మెసేజ్ పంపే చిన్న ప్రోగ్రామ్ రాసింది రెడ్డెమ్మ. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

వెంకటగిరికోట దగ్గర పల్లెనుంచి మునెప్ప అనే రైతు వచ్చాడు. టమాటా పండిస్తాడు. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్న ఒక్క కంటికి శుక్లం ఆపరేషన్ చేశారు. వారానికి జూలై ఎనిమిదో తేదీ రమ్మని డాక్టరమ్మ చెప్పింది. నర్సు కంప్యూటర్‌లో తేదీ ముందు, నెల తర్వాత కొట్టింది, మనందరం రాసినట్టే. చీటీ మీద మాత్రం ఆగస్టు ఏడు అని తెలుగులో అచ్చయి వచ్చింది.

మునెప్ప కన్ను ఎర్రబడి నొప్పి మొదలైంది. వారానికి రమ్మన్నారని ఆయనకు గుర్తే. కోడలు చీటీ చదివి, "ఇంగా నెల ఉండాది మామా. చీటీలో అట్లే ఉండాది" అంది. ఆపరేషన్ చేసిన కన్ను కొన్నాళ్లు నొయ్యడం మామూలే అనుకున్నారు. చుక్కల మందు వేసుకుంటూ ఓర్చుకున్నాడు. పక్క పొలం అతను చూసి బండెక్కించి తీసుకొచ్చేసరికి లోపల చీము పట్టింది. బెంగళూరుకు పంపారు. కన్ను దక్కలేదు.

డాక్టరమ్మ చీటీ చూసి, నాకు ఫోన్ చేసింది. "మేడం, ఒకసారి వస్తారా? ఇది మనిషి తప్పా, మిషను తప్పా నాకు తెల్లేదు" అంది.

నేను పోయి రెడ్డెమ్మ పక్కన కూర్చున్నాను. పాత తేదీలన్నీ తీసి చూశాం. పదమూడు నుంచి నెలాఖరు దాకా ఉన్న తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి. పన్నెండులోపు తేదీల్లో మాత్రం రోజూ నెలా తారుమారయ్యాయి. తేదీని చదివే ఫంక్షన్, ఏమీ చెప్పకపోతే మొదటి అంకెను నెల అనుకుంటుంది. ఆ అంకె పన్నెండు దాటితే నెల అయ్యే వీల్లేదు కాబట్టి, చప్పుడు చెయ్యకుండా రోజుగా మార్చుకుంటుంది. రెడ్డెమ్మ పరీక్షించి చూసిన రోజుల్లో నెలలో ఇరవయ్యో తేదీ తర్వాతివే వేసి చూసింది. అన్నీ సరిగ్గా వచ్చాయి. తర్వాత తారుమారైన వాటిలో చాలామంది చీటీ చూడకుండా, డాక్టరమ్మ నోటిమాట పట్టుకునే వచ్చారు. అందుకే ఎవరికీ తెలియలేదు.

నేను హెల్ప్ అని కొట్టి ఆ ఫంక్షన్ పేరిచ్చాను. పేజీ వచ్చింది. నెట్ కూడా అక్కర్లేదు, ఆ కంప్యూటర్‌లోనే ఉంది. ఏమీ చెప్పకపోతే నెలే ముందని అనుకుంటానని, రోజు ముందుంటే ఆ సంగతి నాకు చెప్పాలని, దానికి ఏ మాట వాడాలో కూడా రాసి ఉంది. రెడ్డెమ్మ పెదాలు కదుపుతూ చదివింది. మళ్లీ చదివింది.

"ఈ మాట ఈడ్నే ఉండాదా మేడం?"

"ఈడ్నే ఉండాది."

"నేను వీడియో సూసి రాసినాను. ఆ వీడియోలో ఆయప్ప అట్లే చేసినాడు. నడిచింది. నడస్తాండాది గదా అనుకున్నా."

"ఈ పేజీ యాల తెరవలేదు రెడ్డెమ్మా? నీకు తెలియంది కాదే."

"పుంగనూరులో ఆ పొద్దు లె పైకి అన్నాడు గదా మేడం. అప్పుట్నుంచి హెల్ప్ అనే మాట తెరమీద కనపడితే నాకు చేతులు ఆడవు. ఎవురో వెనకాల నిలబడి ఉండట్ల ఉంటాది. వీడియో అయితే ఎవురూ కాపీ అనరు" అంది.

ప్రోగ్రామ్‌లో ఆ ఒక్క మాట చేర్చాం, అప్పటికప్పుడు సరిపోయింది. తారుమారైన తేదీలవాళ్లందరికీ నర్సులు ఫోన్లు చేసి పిలిపించారు. మిగతావాళ్లకు ఏమీ కాలేదు. కానీ మునెప్పకు ఆ మిగతావాళ్లతో ఏం పని?

రెడ్డెమ్మ వెంకటగిరికోటకు పోతానంటే వెంట నేనూ పోయాను. మునెప్ప ఇంటి ముందు అరుగు మీద టమాటాల కుప్ప పక్కన కూర్చుని ఉన్నాడు. చేత్తో తడిమి పెద్దవి ఒక బాక్సులో, చిన్నవి ఒక బాక్సులో వేస్తున్నాడు. కోడలు వచ్చి పచ్చివీ పండినవీ మళ్లీ విడదీస్తోంది. రెడ్డెమ్మ ఆయన ముందు నేలమీద కూర్చుని, ఆ చీటీ నేను రాసిన ప్రోగ్రామ్‌లో నుంచి వచ్చిందప్పా అని చెప్పింది. కోడలు నోటికొచ్చినట్టు తిట్టింది. రెడ్డెమ్మ తలెత్తలేదు. మునెప్ప కోడలిని ఆపమనలేదు, తాను తిట్టనూ లేదు. చేతిలోని కాయను తిప్పుతూ, "ఇంగ మీరు పొండమ్మా" అన్నాడు.

మరుసటి నెలలో రెడ్డెమ్మ ఉద్యోగం మానేసింది. డాక్టరమ్మ వద్దంది, నేనూ వద్దన్నాను. ఇప్పుడు బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోతోంది.

ఇప్పుడు

ఆమె స్థానంలో ఒక కుర్రవాణ్ణి పెట్టుకున్నారు. చురుకైనవాడు. డాక్టరమ్మ కోరితే, ఏ పేజీలు ఎక్కడ ఉంటాయో చూపిద్దామని పోయాను. "అవన్నీ ఎవురు సదువుతారు మేడం? చాట్‌బాట్‌ను అడిగితే చెప్తాది గదా" అన్నాడు. అడగమన్నాను. అడిగాడు. చక్కటి జవాబొచ్చింది, కానీ వాళ్ల కంప్యూటర్‌లో ఉన్న వెర్షన్‌కు అది చెల్లదు. చూపించాను. "మళ్లీ అడిగితే సరిచేస్తాది లెండి" అన్నాడు. సరిచేసిందని వాడికి ఎట్లా తెలుస్తుందో నేను అడగలేదు. అలిసిపోయాను.

కొత్తగా చేరేవాళ్లకు నేను ఇచ్చే సలహా ఏమిటంటే, గెలుస్తామనుకుని చేరకండి. పరీక్షలు మీ వైపు లేవు. మీ పైవాళ్లు మీ వైపు లేరు. ఆ పేజీల్లోని భాష మీ పిల్లల వైపు లేదు. దాన్ని తెలుగులోకి తెచ్చినవాళ్లు లేరు, నేనూ కొంత మొదలుపెట్టి, వెర్షన్లు మారిపోతుంటే వెనకబడి వదిలేశాను. అయినా ల్యాబ్‌లో ఎవరైనా పిల్ల హెల్ప్ తెరిచి చదువుతుంటే, ఆమె వెనకాల ఎవరినీ నిలబడనివ్వకండి. అంతకంటే ఎక్కువ మీవల్ల కూడా కాకపోవచ్చు.

ఇది రాసేముందు రెడ్డెమ్మకు ఫోన్ చేశాను. నీ సంగతి రాయొచ్చా, పేరు మార్చి రాస్తానులే అన్నాను. ఫ్యాక్టరీలో మధ్యాహ్నం అన్నం గంట. చుట్టూ ఆడవాళ్ల మాటలు వినబడుతున్నాయి.

"రాయండి మేడం. మునెప్పదీ రాస్తారా?"

"రాస్తాను."

"ఎవురు సదవాలని రాస్తాండారు?"

"ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం."

"సదువుతారా మేడం?"

వెటకారంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఏమో రెడ్డెమ్మా" అన్నాను.